మా యింటి ముసలి ట్రాక్టరు

ఈ శీర్షిక చూచి కొందఱు సోదరీమణులు నవ్వుకొనవచ్చును. ఊరగాయలను గూర్చియో, బిడ్డల పెంపకమును గూర్చియో వ్రాయవలసిన పుటలలో ఈ యినుపగొడవ యెందులకని యడుగవచ్చును. నిజమే. డెబ్బది యేండ్లు వచ్చువఱకు నేనును అట్లే తలంచితిని. యంత్రములు మగవారి సొత్తనియు, వారు బాగుచేయుచుండగా దీపము పట్టుకొని నిలుచుండుటయే నా వంతనియు నమ్మియుంటిని. 2022 వ సంవత్సరపు వసంతమున ఆ నమ్మకము చెడినది. దానితోపాటు నాలోని మఱియొక లోపము బయటపడినది. ట్రాక్టరు కథ చెప్పనిదే ఆ లోపము సంగతి చెప్పలేను. కనుక కొంచె మోపికతో వినుడు.

మేము 1977 లో కృష్ణాజిల్లానుండి అమెరికాకు వచ్చి, ఒహాయో రాష్ట్రములో స్థిరపడితిమి. పట్టణమునకు దూరముగా రెండెకరముల స్థలములో మా యిల్లు. ఇంటివెనుక అర యెకరము కాయగూరలకు విడిచితిమి. ఆ దినములలో ఇచ్చటి అంగళ్లలో గోంగూర గాని, బీరకాయ గాని కంటికి కనబడెడివి కావు. ఒక స్నేహితురాలు పంచియిచ్చిన పిడికెడు గింజలతో మా గోంగూరమడి మొదలైనది. ఇచ్చటి నేల బంకమన్ను. మే నెల నడుమవఱకు రాత్రులయందు మంచు పడి మొక్క మాడిపోవు భయముండును. అక్టోబరులో మరల మంచు వచ్చును. ఆ నడిమి అయిదు నెలలలోనే మన పంట యంతయు కావలెను. ఒక వారము ఆలస్యమైనను ఆ యేటికి గోంగూర పచ్చడి కొఱతపడును.

1986 లో పొరుగున నున్న ఒక ముసలి రైతు తన తోటట్రాక్టరును మాకమ్మెను. తోటట్రాక్టరనగా మన యూళ్లలో పొలము దున్ను పెద్దబండి కాదు, దానికి మనుమరాలివంటిది. నడుమెత్తున నుండును. ఒక్కరు కూర్చుండుటకు చోటు. ముందు బల్ల కట్టినచో మంచును త్రోయును, క్రింద కత్తులు కట్టినచో గడ్డి కోయును, వెనుక చిన్ననాగలి తగిలించినచో నేల దున్నును. ఇప్పుడు అంగళ్లలో నమ్ము తేలికబండ్లు పెక్కు గడ్డి కోయుటకు మాత్రమే తగియుండును. నాగలి తగిలించినచో వాని పండ్లచక్రములు తాళలేవు.

ఈ చిన్నబండ్ల కథ వినదగినది. ఈ శతాబ్దమునకు ముందటి శతాబ్దపు మొదటి భాగముననే వెస్ట్ వర్జీనియాలో బెంజమిన్ గ్రేవ్లీ యను ఛాయాచిత్రకారుడు తోటపనికై నడిపించు యంత్రమును కల్పించి, 1916 లో పేటెంటు పొందెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట పట్టణముల చెంత పెరడులు గల యిండ్లు వేలకొలది లేచినవి. ఇండియానాలోని సౌత్ బెండ్‌లో ఎల్మర్ పాండ్ అను నాతడు తన యింటి కొట్టములో చిన్న ట్రాక్టరులు చేసి, వానికి ‘వీల్ హార్స్’ అని పేరు పెట్టెను. 1960 లో, పెద్ద ట్రాక్టరులకు పేరుగాంచిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ‘కబ్ కేడెట్’ అను పసుపు తెలుపు రంగుల చిన్నబండిని తెచ్చెను. అది కెంటకీలోని లూయివిల్ కర్మాగారములో తయారయ్యెడిది. మేము కొన్నది అందులో నూఱవ నంబరు మోడలు. 1963 మొదలు రెండు మూడేండ్లు చేసినది. పది గుఱ్ఱముల బలము గల ఒంటి సిలిండరు కోలర్ ఇంజను దానికి గుండెకాయ. 1981 లో ఆ కంపెనీ యీ చిన్నబండ్ల వ్యాపారమును ఇతరుల కమ్మివేసినది. అయినను ఆ యింజను అనేక రకముల బండ్లలో వాడబడినది గనుక, దాని భాగములు నేటికిని దొరకుచున్నవి. ముసలి బండ్లను బ్రతికించుకొనువారు ఇచ్చట ఊరూర నున్నారు. వేసవిలో వానిని తుడిచి, అలంకరించి, సంతవలె ప్రదర్శింతురు.

ముప్పది రెండేండ్లు ఆ బండి మా యింట పనిచేసినది. మావారు దానిని ఎద్దును చూచినట్లు చూచిరి. 2018 లో వారికి పక్షవాతము వచ్చినది. ప్రాణము నిలిచినది గాని, కుడిచేయి పట్టు తప్పినది, మాట తడబడినది. బుద్ధియంతయు నిలకడగానే యున్నది. మాట మాత్రము లోపలినుండి బయటికి వచ్చుటకు చాలసేపు పట్టెడిది. నాటినుండి నాలుగు వసంతములు ట్రాక్టరు కొట్టములోనే పడియుండెను. మడులన్నియు గడ్డి మూసినది.

మా అబ్బాయి ఫోనులో, “అమ్మా, ఆ యినుము నెవరికైన నిచ్చివేసి కొత్తది కొనుక్కో, డబ్బు నేను పంపుతాను” అనెను. బాగుచేయు అంగడివారు, అంత పాతబండి తమకు వద్దనిరి. పాతయినుము కొనువాడు వచ్చి చూచి పోయిన దినమున మావారు కిటికీవైపు తిరిగి కూర్చుండి, రాత్రి భోజనమునకు లేవలేదు. మఱునాడు నేను, “ఏమండీ, నేనే విప్పి చూచెదను, మీరు ప్రక్కన కూర్చుండుడు” అంటిని. వారు నావంక చూచి నవ్విరి. ఆ నవ్వు చూచి చాల దినములైనది.

ఏప్రిల్ నెల మొదటి ఆదివారమున కొట్టము తలుపులు రెండును బార్లాదీసి, వాకిట వారికి కుర్చీ వేసితిని. పనిముట్ల పెట్టె తెఱచుచుండగా వారు చేయెత్తి, “ముందు... ని...” అనిరి. నేను తొందరపడి, “నిదానముగా చేయమనుచున్నారా? అట్లే చేసెదను లెండి” అంటిని. వారు నోరు మూసికొనిరి. నేను పనిలో పడితిని.

తాళము త్రిప్పగా బండి మూలుగనైన మూలుగలేదు. బ్యాటరీకొనలపై తెలుపును ఆకుపచ్చయు కలిసిన బూజువంటి పొడి పేరుకొనియుండెను. దానికి వంటింటి మందే చాలును. వంటసోడా నీళ్లలో కలిపి, బ్యాటరీ లోపలికి పోకుండ పైన మాత్రమే పోసి పాతబ్రష్షుతో తోమగా, బుసబుస పొంగి పొడి యంతయు కరగినది. ఆమ్లమును సోడా చంపును. అయినను ఆ బ్యాటరీ చచ్చియే యుండెను, కొత్తది తెచ్చితిని. ఈ పాతబండిలో ఒక చిత్రమున్నది. ఇంజనును మొదట త్రిప్పు మోటారును, తరువాత బ్యాటరీకి విద్యుత్తు నింపు జనరేటరును వేఱువేఱు కావు. ఒకే యంత్రము పట్టాతో తగులుకొని రెండు పనులును చేయును. ఉదయము అత్తగారిని లేపి, సాయంకాలము బిడ్డలకు చదువు చెప్పు కోడలివంటిది. కొత్త బ్యాటరీతో అది ఇంజనును గిరగిర త్రిప్పినది. కాని ఇంజను అంటుకొనలేదు.

అంతట నేను దోషము ఇంధనముదే యని నిశ్చయించితిని. నా నిశ్చయమునకు కారణము లేకపోలేదు. తొట్టిలో నాలుగేండ్ల పెట్రోలు నిలువయుండెను. ఈ దేశపు పెట్రోలులో సాధారణముగా పదవవంతు ఆల్కహాలు కలిసియుండును. అది గాలిలోని తేమను పీల్చును. నిలువ పెట్రోలు ముదిరి, వార్నీషువాసన కొట్టుచు, జిగురై సన్నని రంధ్రములను మూయును. ఇంజనుపై రేకు విప్పి చూడగా, గాలి తగిలి చల్లబడవలసిన యినుపరెక్కల నడుమ ఎలుకలు గూడు కట్టియుండెను. దానిని తీయకున్నచో ఇంజను వేడెక్కి చెడిపోవును. గూడు తీసితిని, పెట్రోలు పాఱబోయించితిని, పగిలిన రబ్బరుగొట్టమును మార్చితిని, తుదకు కార్బురేటరును విప్పితిని.

ఇచ్చట నొక ఉపాయము చెప్పవలెను. విప్పిన మరలు, సూదులు, చిన్నచిన్న కవాటములు కలిసిపోకుండుటకు నా పాత పోపులపెట్టెను వాడితిని. ఆవాల గిన్నెలో మొదట విప్పినవి, జీలకఱ్ఱ గిన్నెలో తరువాతివి, మెంతుల గిన్నెలో ఆ తరువాతివి. బిగించునప్పుడు వెనుకనుండి ముందునకు వచ్చితిని. ప్రతి భాగమును విప్పుటకు ముందు ఫోనుతో నొక బొమ్మ తీసితిని. ఇంతకంటె గొప్ప విద్య యీ పనికి అక్కఱలేదు.

కార్బురేటరు తళతళలాడినది. ఇంజను మాత్రము పలుకలేదు. నా శుభ్రము చాలలేదు కాబోలునని, నూఱు డాలర్లకుపైగా పోసి కొత్త కార్బురేటరు తెప్పించితిని. అది బిగించుచుండగా మావారు మరల చేయెత్తి, “ని... ని...” అనిరి. “నీళ్లు కావలెనా?” అని యడిగి, జవాబు రాకమునుపే లోపలికి పరుగెత్తి గ్లాసుతో నీళ్లు తెచ్చితిని. వారు గ్లాసు నందుకొని త్రాగిరి. దప్పిలేనివాడు త్రాగినట్లు త్రాగిరి. అది నేను చూచితిని. చూచియు, నా స్పానరు నేను చేతబట్టితిని.

కొత్త కార్బురేటరుతోను ఇంజను పలుకలేదు. మూడు వారములు గడచినవి. మే నెల వచ్చినది. పొరుగువారి పెరడులు దుక్కి యగుచున్నవి. ఒక సాయంకాలము నాకు విసుగును దుఃఖమును కలిసివచ్చినవి. బోర్లించిన బకెట్టుపై కూలబడి, చేతుల మసి చూచుకొనుచు, మాటలాడక చాలసేపు కూర్చుంటిని. ఆ కొట్టములో అంతసేపు నేను నోరు మెదపకుండుట అదే మొదలు. పిచ్చుకలు చూరుక్రింద కిచకిచలాడుచుండెను. అప్పుడు మావారి గొంతు వినబడినది.

“ముందు... నిప్పు... చూడు.”

మూడు మాటలు. నడుమ ఎంత యెడమున్నదో వ్రాతలో చూపలేను. మొదటి దినమున వారు చెప్పబోయినది నిదానము కాదు. తరువాత వారడిగినది నీళ్లు కాదు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టుచున్నదో లేదో మొదట చూడుమని మూడు వారములుగా చెప్పుచుండిరి. వారు ‘ని’ అనునంతలో మిగిలిన మాట నేను చెప్పితిని. నేను చెప్పినదే వారి మాటయని పని సాగించితిని. మాటల చికిత్స చేయు నామె మొదటి నెలలోనే, “ఆయన వాక్యమును మీరు పూరింపకుడు, ఎంతసేపైనను కాచుకొనుడు” అని నాకు హెచ్చరించియుండెను. తల యూపి వచ్చితినే గాని, కాచుకొనలేదు. ప్రేమచేతనే తొందరపడితిని. అయిననేమి? ప్రేమతో మూసినను నోరు మూసినట్లే.

ఆ సాయంకాలము నేనేమియు అనలేదు. నా కుర్చీ వారి ప్రక్కకు జరుపుకొని, “ఎట్లు చూడవలెనో చెప్పుడు” అని యడిగి, ఊరకుంటిని. వారు చెప్పిరి. పది నిమిషములలో చెప్పదగినది చెప్పుటకు రెండు సాయంకాలములు పట్టినది. నాకది తెలిసినంతవఱకు మీకు చెప్పెదను.

ఇటువంటి ఇంజనుకు మూడు కావలెను. తగిన పాళ్లలో కలిసిన పెట్రోలు గాలి, దానిని బిగియబట్టి నొక్కు బలము, సరియైన క్షణమున నిప్పు. పొయ్యిలో కట్టె, గాలి, అగ్గిపుల్ల వంటివే. ఏది లేదో తెలిసికొనక కట్టెలు మార్చుచు కూర్చుండుట నావంటి దాని పని. నిప్పు చూచుట చాల సులభము. స్పార్కుప్లగ్గును విప్పి, దాని తీగెను మరల దానికే తగిలించి, ప్లగ్గు ఒడలు ఇంజను యినుమునకు తగులునట్లుంచి, తాళము త్రిప్పి దాని కొన చూడవలెను. దగ్గఱ పెట్రోలు తడి గాని, ఆవిరి గాని యుండరాదు; ఆ సమయమున ప్లగ్గు తీగెను చేతితో తాకరాదు. మేము చీకటిపడ్డ తరువాత చూచితిమి. నిప్పు పుట్టలేదు. మూడు వారములు నేను వెదకినచోట దోషమే లేదు.

బ్యాటరీ పన్నెండు వోల్టులే. ప్లగ్గు కొనలో రవ్వ దుముకుటకు వేలకొలది వోల్టులు కావలెను. ఆ పెంపు కాయిలను డబ్బాలో జరుగును. కాయిలులోనికి పోవు విద్యుత్తు పాయింట్లనబడు రెండు చిన్న లోహపుబిళ్లల గుండా ప్రవహించును. అవి కలిసియున్నంతసేపు కాయిలు నిండును; అవి తటాలున విడివడిన క్షణముననే రవ్వ పుట్టును. ఈ ఇంజనులో ఆ బిళ్లలు ప్రక్కనున్న చిన్నమూత క్రింద నుండును. నాలుగేండ్లు కదలక తేమలో నున్నందున వాని మొగములపై సన్నని మసకపొర పట్టియుండెను. కంటికి ఆనీ ఆననంత పొర. విద్యుత్తు దానిని దాటలేదు. కలిసినట్లు కనబడుచున్నను అవి కలియుటలేదు.

సన్నని ఆకురాయితో వానిని రెండుమూడు సారులు మెల్లగా రాచి, ఆ పొడి నిలువకుండ శుభ్రమైన దళసరి కాగితపు ముక్కను నడుమ నుంచి లాగితిని. అవి మిక్కిలి యెడముగా తెఱచుకొన్నప్పుడు ఆ యెడము అంగుళములో వేయింట ఇరువది పాళ్లుండవలెను, అనగా సుమారు అర మిల్లీమీటరు. దానిని కొలుచుటకు ఫీలర్ గేజి యను ఉక్కు రేకుల కట్ట దొరకును. రేకు నడుమ దూరి, కొంచెము పట్టినట్లుగా జరుగవలెను. నా వ్రేళ్లు వణకినవి. మావారు ఎడమచేతితో నా మణికట్టు పట్టుకొనిరి. రేకు సరిగా జరిగినది.

ఆ రాత్రి మరల ప్లగ్గు కొన చూచితిమి. నీలిరంగు రవ్వ చిటచిటయని దుమికినది. దీపావళినాటి పిల్లలవలె ఇద్దఱమును నవ్వితిమి.

మఱునాడుదయము బండిని కొట్టము బయటికి త్రోయించి తాళము త్రిప్పితిని. రెండుసారులు తుమ్మి, పొగ విడిచి, ఇంజను అంటుకొన్నది. నడక మాత్రము ఎగుడుదిగుడుగా నుండెను. కార్బురేటరుమీది సూదిమరను లోపలికి త్రిప్పుచు పోయినచో పెట్రోలు తగ్గి ఇంజను నీరసించును. బయటికి త్రిప్పుచు పోయినచో ఎక్కువై నల్లపొగతో ఈడ్చుకొనును. ఈ రెండింటి నడుమ దాని మేలిచోటున్నది. ఆ చోటు నా చెవికి తెలియదు. మావారు కన్నులు మూసికొని వినుచు, ఎడమచేతి వ్రేలు లోపలికనియు బయటికనియు ఆడించిరి. వ్రేలు నిలిచినచోట నేను ఆపితిని. ఇంజను ఏకతాళముగా పలికినది. అందుకు వారికి మాట కావలసిరాలేదు. ఇంకొక సంగతి. అప్పుడు బండిలో నున్నది నేను కొన్న కొత్త కార్బురేటరు. తరువాత పాతదానినే బిగించి చూడగా అదియు అంతే చక్కగా నడచినది. కొత్తది నా తొందరపాటునకు జరిమానాగా నేటికిని అలమారులో నున్నది.

ఈ పని తలపెట్టు సోదరీమణులకు నాలుగు ముక్కలు. మొదట పరీక్ష, పిమ్మట మరమ్మతు. ఒకసారికి ఒక్కటే మార్చుడు. రెండు మార్చినచో ఏది కుదిర్చినదో తెలియదు. బ్యాటరీ ముట్టుటకు ముందు గాజులు, ఉంగరములు తీసివేయుడు. రెండు కొనల నడుమ బంగారము తగిలినచో క్షణములో ఎఱ్ఱగా కాలి చర్మమును కాల్చును. జడను ముడివేసి, పైటచెంగు గాని వదులు దుస్తులు గాని లేకుండ చూచుకొనుడు. మూసిన కొట్టములో ఇంజను నెన్నడును నడుపకుడు. దాని పొగలో వాసనలేని విషవాయువుండును. తాళము త్రిప్పుటకు ముందు గేరు తటస్థముగా నున్నదా యని చూడుడు. పాతబండ్లకు కొత్తబండ్ల రక్షణలన్నియు లేవు.

బండికి కొత్తరంగు వేయింపుమని చాలమంది చెప్పిరి. తుప్పు గీకించి, నూనె మార్పించి, పగిలిన టైర్లు వేయించితిని. రంగు జోలికి పోలేదు. గేరుకఱ్ఱ మొనయు, ఎడమవైపు రేకు అంచును ముప్పది రెండేండ్లు వారి చేయి తగిలి మెఱుగెక్కినవి. ఆ మెఱుగు ఏ రంగులో దొరకును?

ఆ యేడు గోంగూర గింజలు జూన్ మొదటి వారమున పడినవి. ఆలస్యమే. నేను దున్నితిని, మావారు గట్టున కుర్చీలో కూర్చుండి, చాలు వంకర పోయినప్పుడెల్ల చేయెత్తిరి. చాలులు వంకరగానే వచ్చినవి. ఆగస్టులో పచ్చడి నూరితిమి; ఫోనులో మా అబ్బాయికి ట్రాక్టరు చప్పుడు వినిపించితిమి. వాడు కొంతసేపు మాటలాడలేదు.

వారి వాక్యములను పూరించుట మానితినని చెప్పుటకు సిగ్గగుచున్నది, పూర్తిగా మానలేదు. తొందర నా చిన్ననాటి గుణము. పొయ్యిమీద పాలు పొంగుచున్నప్పుడును, వాకిట నెవరో పిలుచుచున్నప్పుడును నాలుక జారుచునే యున్నది. అట్టి వేళ మావారు ఎడమచేతి వ్రేలెత్తి, సూదిమర త్రిప్పినట్లు గాలిలో కొంచెము లోపలికి త్రిప్పుదురు. నేను నోరు మూసికొని కూర్చుందును. మాట వచ్చువఱకు పాలు పొంగినను పొంగనిత్తును.